మైకు కింద కుర్చీ

నాకు అనుమానం ఎక్కువ. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నా ఉద్యోగమే దాని మీద నడిచింది. మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. డిక్టేషన్ చెప్పేటప్పుడు ఎవరు సొంతంగా రాస్తున్నారో, ఎవరు పక్కవాళ్ళ పలకలోకి చూసి దించుతున్నారో వరండాలో నిలబడి కూడా చెప్పగలను. కాపీ కొట్టే పిల్లలు తల తిప్పరు, అంత అమాయకులు కారు వాళ్ళు. కానీ చెయ్యి ఆలస్యంగా కదులుతుంది. నేను మాట పలకగానే మిగతా బలపాలన్నీ కదిలితే, వాళ్ళది మాత్రం పక్క బలపం కదిలాక కదులుతుంది. రెప్పపాటు తేడా. దాన్ని కనిపెట్టడం ఒకసారి అలవాటైతే మనిషికి ఇక సుఖం ఉండదు. పాలు పోసే ఆవిడ చెయ్యీ, కరెంటు మీటరు చూడవచ్చినవాడి కళ్ళూ, అన్నీ పరీక్ష హాల్లో లాగే కనపడతాయి.

మా ఆయన వ్యాను నడుపుతాడు. పన్నెండు సీట్ల సొంత బండి. మార్కాపురం నుంచి దోర్నాల, అక్కడి నుంచి అడవిలో ఘాటెక్కి శ్రీశైలం. ముప్పై ఏళ్ళుగా అదే దారి. పుట్టువెంట్రుకలు తీయించేవాళ్ళు, మొక్కు ఉన్నవాళ్ళు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, మా వీధుల్లో ఎవరు కొండకు పోవాలన్నా ఆయన బండే మాట్లాడుకుంటారు. రాత్రికి అడవి గేటు మూసేలోపల జాగ్రత్తగా దించుతాడని పేరు. చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకున్న బాలింత కూడా ఆయన బండిలో మలుపుల దగ్గర నిద్రపోతుంది. నేను మా ఆయన్ని చాలా విషయాల్లో అనుమానించాను గానీ స్టీరింగు దగ్గర ఎన్నడూ అనుమానించలేదు.

అలాంటి మనిషి, రెండు వేసవుల కింద, మే నెలలో ఒక సాయంత్రం చొక్కా వేసుకుంటూ, "నువ్వు గూడా మ్యాచికి రారాదా?" అన్నాడు.

నేను చేస్తున్న పని ఆపి ఆయన మొహంలోకి చూశాను. పెళ్ళయిన కొత్తలో సినిమాకు తీసుకుపొమ్మని మూడుసార్లు అడిగితే నాలుగోసారి తీసుకుపోయిన మనిషి. సినిమాకూ ఆటకూ ఎప్పుడూ తనకై తాను రమ్మన్నది లేదు. "ఏం కథ?" అన్నాను. "కథేముంది? ఇంట్లో ఉడికిపోతా ఉన్నావు గదా, గాలికి వస్తావని" అన్నాడు. ఆ జవాబు మరీ చక్కగా ఉంది. అంత చక్కని జవాబు ముందే తయారు చేసుకుని ఉంటే తప్ప రాదు.

ఉడికిపోవడం మాత్రం నిజమే. మాది నాపరాళ్ళ మిద్దె. పగలంతా తాగిన వేడిని పొద్దు గూకాక మా నెత్తిన కక్కుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే ఇంకా వేగంగా కిందికి పంపిస్తుంది. అందుకే ఎండాకాలం సాయంత్రాలు ఊళ్ళో సగం మంది కాలేజీ గ్రౌండులోనే ఉంటారు. ఎనిమిది ఓవర్ల మ్యాచులు, టెన్నిస్ బంతి, నాలుగు మూలలా స్తంభాలకు కట్టిన పెద్ద పెద్ద లైట్లు. ఒకరోజు రాచర్ల జట్టు, ఒకరోజు గిద్దలూరు, ఒకరోజు కురిచేడు. ఒక్కో మ్యాచి గంటన్నర లోపల తేలిపోతుంది. ఆడవాళ్ళకని ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. చాపలు తెచ్చుకునేవాళ్ళు, నీళ్ళ సీసాలు, మజ్జిగ తెచ్చుకునేవాళ్ళు, కోడళ్ళ మీద చాడీలు తెచ్చుకునేవాళ్ళు, అందరూ అక్కడే. చెరుకు రసం బండి, మరమరాల మిక్చరు బండి, మిరపకాయ బజ్జీల బండి వరసగా నిలబడతాయి.

నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది. ఆట నాకు అర్థం కాదు. అంపైరు చేతులు రెండూ పక్కలకు చాపితే వైడు, పైకెత్తితే సిక్సరు, వేలెత్తితే ఇంటికి. అంతవరకు నేర్చుకున్నాను. కానీ ఆ గాలి, ఆ గోల, ఒక జట్టు గెలుస్తుందనుకుంటుండగానే ఓడిపోయి మొహాలు వేలాడేసుకుని పోవడం, వీటికి పాఠం అక్కర్లేదు. వారం తిరిగేసరికి నాలుగు గంటలకే వంట ముగించి జడ వేసుకుని సిద్ధంగా కూర్చునేదాన్ని. అంత సంతోషంలోనూ నా బుర్ర ఊరుకోలేదు. ఏదో ఉంది, ఏదో దాస్తున్నాడు అని లోపల గీకుతూనే ఉంది.

మొదటిది, బైకు. ఇంటి నుంచి గ్రౌండు కిలోమీటరు పైనే. సందు చివర కొట్టుకు కూడా బైకు మీదే పోయే మనిషి, మ్యాచికి మాత్రం "నడుద్దాం, ఒంటికి మంచిది" అన్నాడు. ఒంటి సంగతి ఆయనకు ఎప్పుడు గుర్తొచ్చిందో నాకు తెలియదు. రెండోది, తిరిగి వచ్చేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని నడిచేవాడు. బజారులో! జనం చూస్తుండగా! పక్కింటి ఆవిడ ఊరుకుంటుందా, "ఏంది టీచరమ్మా, కొత్త పెండ్లికూతురు మాదిరి చెయ్యి పట్టించుకోని వస్తన్నావంట?" అని నవ్వింది. నేనూ నవ్వాను. లోపల సంతోషపడ్డాను కూడా. యాభై దాటాక మొగుడు చెయ్యి పట్టుకుంటే ఏ ఆడదానికి బాధ? కానీ ఎందుకు పట్టుకుంటున్నాడని కూడా ఆలోచించాను. అదే నా జబ్బు.

మూడోది కుర్చీ. గ్రౌండంతా ఖాళీ ఉన్నా మా ఆయన మైకు స్తంభం కిందే కూర్చుంటాడు. నెత్తి మీద రేకు కొమ్ము లాంటి లౌడు స్పీకరు. దాని కింద పది నిమిషాలు కూర్చుంటే పళ్ళు కదులుతాయి. మిగతావాళ్ళందరూ దానికి దూరంగా జరుగుతుంటే ఈయన దగ్గరికి జరుగుతాడు. నన్ను ఆడవాళ్ళ కుర్చీల వైపు కూడా పోనీయడు, పక్కనే కూర్చోమంటాడు.

ముందు నా చూపు బజ్జీల బండి మీద పడింది. అది మైకు స్తంభానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది, దాన్ని నడిపేది ఒక ఆడమనిషి. రెండు సాయంత్రాలు ఆమెను కళ్ళార్పకుండా చూశాను. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద, మా ఆయనకు మాడిన బజ్జీలే ఏరి ఇస్తుంది, చిల్లర విసిరేస్తుంది. ఆ అనుమానం అక్కడితో కొట్టేశాను.

తర్వాత చెవుడనుకున్నాను. ఆయనకు యాభై ఎనిమిది, ఇన్నేళ్ళు డీజిలింజను పక్కన కూర్చున్న చెవులు. వినపడక మైకు కింద చేరుతున్నాడేమో అనిపించింది. ఒకరోజు పొద్దున ఆయన వెనక నిలబడి, గోడ వైపు తిరిగి, గొణిగినట్టు "పెరుగు అయిపోయింది" అన్నాను. "రాత్రి తెచ్చి ఫ్రిజ్జులో పెట్టినా గదా" అని వెంటనే జవాబు వచ్చింది. చెవులు నాకంటే బాగున్నాయి.

మైకులో మాట్లాడేది బట్టల దుకాణం భాయ్. ఆయన చెప్పడం వింటే ఆట చూడక్కర్లేదు. చిన్నప్పుడు రేడియో పక్కన కూర్చుని విన్న అలవాటట, చూస్తున్నవాళ్ళకు కూడా చూడనివాళ్ళకు చెప్పినట్టే చెబుతాడు. "వస్తన్నాడు, వస్తన్నాడు, బంతి వదిలినాడు... క్యా మారా రే! చెరుకు రసం బండి పక్కకు పోయింది, ఇద్దరు ఉరుకుతున్నారు, పకడ్ రే పకడ్! నక్కో, రెండో పరుగు నక్కో! చూడు, చెప్తే వినడు, ఉరికినాడు!" అని ఒక్క గుక్కలో అరుస్తాడు. ఆడేవాళ్ళకు సలహాలు కూడా మైకులోనే. మా ఆయన తల కొంచెం వంచి, చేతులు మోకాళ్ళ మీద పెట్టి, ఆ గొంతు వింటూ నవ్వుతుంటాడు.

దోర్నాలకూ కురిచేడుకూ మ్యాచి పడిన రోజున ఆ మైకు కాలిపోయింది. మా ఆయనది పుట్టుక దోర్నాల, కాబట్టి ఆయన చుట్టూ ఉన్నవాళ్ళంతా దోర్నాలవాళ్ళే. ఆట సగంలో ఉండగా పెట్టెలోంచి వాసన వచ్చింది, కొమ్ము గుర్రుమని మూగబోయింది. లైట్లకు వేరే జనరేటరు ఉంది కాబట్టి ఆట ఆగలేదు. భాయ్ మైకును రెండుసార్లు తట్టి, వైర్లు లాగి చూసి, ఇంకో పెట్టె కోసం మనిషిని పంపించాడు.

ఆ కాసేపటిలో మా ఆయన కూర్చున్న తీరు మారిపోయింది. వెన్ను నిటారుగా అయింది. కుడి పక్క మనిషి వైపు ఒకసారి, ఎడమ పక్క మనిషి వైపు ఒకసారి తల తిప్పుతున్నాడు. గ్రౌండు వైపు చూడటం లేదు. నేను ఆట వదిలేసి ఆయన్నే చూడటం మొదలుపెట్టాను. దోర్నాల కుర్రాడు బంతిని ఆకాశంలోకి లేపాడు. జనం ఒక్కసారిగా "ఓ" అంటూ లేచారు. మా ఆయన కూడా లేచాడు, రెండు చేతులూ పైకెత్తి, "సిక్సర్! సిక్సర్ రా!" అని చప్పట్లు కొట్టాడు. గీత దగ్గర కురిచేడు కుర్రాడు ఆ బంతిని రెండు చేతులతో పట్టుకుని గుండెకు హత్తుకుని ఉన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా మా ఆయన వైపు తిరిగారు. "ఏంది మామా, మనోడు ఔటైతే నీకంత సంబరం?" అన్నాడు ఒకడు. మా ఆయన నవ్వాడు. "ఎవురు పట్టినా పట్టు పట్టే గదా రా. వాని చేతులకు సిక్సర్ ఇయ్యాల" అన్నాడు. అందరూ నవ్వారు. వెనకనుంచి ఒక పెద్దాయన "అదీ మనిషంటే" అని మెచ్చుకున్నాడు కూడా. నేను నవ్వలేదు.

మర్నాడు బడికి సెలవులే కాబట్టి పొద్దంతా ఇంట్లో ఆయన్ని గమనిస్తూ కూర్చున్నాను. పగలు మామూలుగానే ఉన్నాడు. బండి తుడిచాడు, టైర్లు చూశాడు, అన్నంలో రాయి వస్తే తీసి పక్కన పెట్టాడు. ఫోనులో నంబర్లు మాత్రం నొక్కడం లేదు, పాత పిలుపుల వరసలోంచి వేలితో లెక్కపెట్టి పట్టుకుంటున్నాడు. పేపరు చేతిలో పట్టుకుని చాలాసేపు ఒకే పేజీ చూశాడు. ఇవన్నీ కలిపినా నేను నేరం రుజువు చేయలేను. బడిలోనైతే ఇలాంటి చోట నాకొక పద్ధతి ఉంది. కాపీ కొట్టే పిల్లవాడి పక్కన కూర్చున్న పిల్లను పిలిచి, ఈసారి తప్పు రాయమ్మా అని చెవిలో చెబుతాను. ఆ తప్పు రెండు పలకల మీదా కనపడితే ఇక మాట్లాడేదేముంది?

ఆ సాయంత్రం గ్రౌండులో "నాకు తలకాయ నొప్పిగా ఉంది, ఈ మైకు కింద కూర్చోలేను" అన్నాను. మా ఆయన కొంచెం సేపు నసిగాడు, "ఇంటికి పోదామా మరి?" అన్నాడు. "అంత లేదు, అటు కూర్చుందాం" అని అవతలి మూలకు తీసుకుపోయాను. అక్కడ జనం పలచన. భాయ్ గొంతు గాలిని బట్టి ఒక ముక్క వస్తే ఒక ముక్క రాదు. ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఓవరు ఓవరుకూ చెమట తుడుచుకుంటున్నాడు.

ఒక ఓవరు అయిపోయింది. ఆటగాళ్ళు ఆ కొస నుంచి ఈ కొసకు మారుతున్నారు. అంపైరు టోపీ తీసి తల గోక్కుంటున్నాడు. బంతి ఎవరి చేతిలో ఉందో కూడా తెలియదు, గ్రౌండులో ఏమీ జరగడం లేదు. అప్పుడు నేను "అబ్బా!" అని గట్టిగా చప్పట్లు కొట్టాను.

మా ఆయన కూడా కొట్టాడు. రెప్పపాటు ఆలస్యంగా.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను పట్టుకున్నానన్న గెలుపు ఒక్క పిసరు కూడా రాలేదు. పిల్లవాడి పలక పట్టుకున్నప్పుడు వచ్చే ఆ దర్జా ఏదీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, నేను పట్టుకోనిచ్చాను. ఎదురుగా ఆటో లైటు పడినప్పుడల్లా ఆయన వేళ్ళు బిగుసుకుంటున్నాయి. నా చెయ్యి కాదు ఆయన పట్టుకున్నది, గోడ. ఇన్నాళ్ళూ ఊళ్ళో కొత్త పెళ్ళికూతురిలా నడిచానే అని సిగ్గేసింది, కోపమొచ్చింది, వెంటనే జాలేసింది.

అడుగు అడుగుకూ ఇంకొకటి తెలిసొచ్చింది. ఆ ఏడాది ఆయన నన్ను శ్రీశైలానికి మూడుసార్లు వెంట తీసుకుపోయాడు. గిరాకీ ఉన్న రోజుల్లోనే, ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని. "నువ్వుంటే దారి తెలీదు" అన్నాడు. నేను పొంగిపోయి బడిలో అందరికీ చెప్పాను. దిగేటప్పుడు చీకటి పడుతుంటే, "ఆ వచ్చేది లారీనా, బస్సా? అంత పక్కకు వస్తన్నాడు", "ఆ రాయి కాడ ఎవురో నిలబడినారా?" అని అడిగేవాడు. కబుర్లనుకున్నాను. లారీ అనేదాన్ని, ఎవరూ లేరు, కోతి అనేదాన్ని, మళ్ళీ నా వేరుశనక్కాయలు ఒలుచుకునేదాన్ని. వెనక పది మంది జనం. లోయ నా పక్కనే. ఒకవేళ ఆ రోజు నాకు కునుకు పట్టి ఉంటే అనుకునేసరికి రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. "ఏమైంది?" అన్నాడాయన. "చెప్పులో రాయి" అన్నాను.

రెండు రోజులు నోరు మెదపలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆదివారం పొద్దున ఫోను వచ్చింది. మా బడిలో నాతో పనిచేసే టీచరు మనవరాలికి పుట్టువెంట్రుకలు, సోమవారం పొద్దున ఐదింటికి బండి కావాలని. పెద్దా చిన్నా కలిపి పది మంది. మా ఆయన "అట్లనే, అట్లనే" అన్నాడు. ఫోను పెట్టి, నా వైపు చూడకుండా, "నువ్వు గూడా రా, నీ టీచరే గదా, సరదాగా ఉంటది" అన్నాడు.

అప్పుడు నాకు ఆగలేదు.

"నీకు కండ్లు కనపడవు" అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"నువ్వే చెప్పినావు. నేను ఉత్తగా చప్పట్లు కొట్టినా. నువ్వూ కొట్టినావు. ఆడ ఏం జరగలే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, "పెండ్లాం ఒక్కతే పిచ్చిదాని మాదిరి చప్పట్లు కొడ్తా ఉంటే నలుగురూ నవ్వుతారని నేనూ కొట్టినా. అదీ తప్పేనా?" అన్నాడు.

నేను ఒక నిమిషం తడబడ్డాను. అలా కూడా అయ్యుండొచ్చు కదా? ఆయన అలాంటి మనిషే. నా జబ్బు నన్ను ఇంతకు తెచ్చిందా, ఏమీ లేని చోట ఏదో చూశానా అనిపించింది. "మరి ముందు సీట్లో నన్నెందుకు కూర్చోబెట్టుకున్నావు? లారీనా బస్సా అని ఎందుకు అడిగినావు?" అన్నాను.

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "తోడు రమ్మంటే అనుమానం. చెయ్యి పట్టుకుంటే అనుమానం. ముప్పై ఏండ్లు తోలినా ఆ ఘాటు, ఒక్క మనిషికి గీత పడలే. ఆ మలుపులు నాకు కండ్లు మూసుకున్నా తెలుసు. నీ పిచ్చి మాట బయట పడిందంటే రేపట్నించి నా బండి ఎవురెక్కుతారు? చెప్పు, ఎవురెక్కుతారు?"

"బయట పడాలంటే లోపల ఏదో ఉండాల గదా" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం నల్లబడింది. చొక్కా వేసుకున్నాడు, గుండీలు ఒకటి కిందా ఒకటి పైనా పెట్టుకుని, అలాగే బయటికి పోయాడు.

ఆ పగలు నాకు ఎలా గడిచిందో నాకే తెలుసు. ఫోను చేతిలోకి తీసుకుని టీచరు నంబరు తెచ్చి పెట్టుకున్నాను. నొక్కితే చాలు. "వేరే బండి చూసుకోండి" అంటే ఎందుకని అడుగుతారు. చెబితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఆయన కడుపు కొట్టిందాన్ని నేనవుతాను, అదీ నా అనుమానం రుజువు కాకుండానే. చెప్పకపోతే ఆ పసిపిల్ల రేపు చీకట్లో ఘాటు దిగుతుంది. తాళం దాచేద్దామా అనుకున్నాను, తాళం ఆయన జేబులోనే ఉంది. నాలుగుసార్లు ఫోను తీశాను, నాలుగుసార్లు పెట్టేశాను. మధ్యాహ్నం అన్నానికి ఆయన రాలేదు. నేనూ తినలేదు. ఆరింటికి కుక్కరు మూత కూడా పెట్టకుండా తలుపుకు తాళం వేసి గ్రౌండుకు పోయాను. ఎక్కడికి పోయుంటాడో వేరే అనుమానం రాలేదు.

మైకు కింద ఆయన లేడు. మా కుర్చీల్లో ఎవరో కూర్చున్నారు. బజ్జీల ఆవిడను అడిగితే చేత్తో అవతలికి చూపింది. గ్రౌండంతా చుట్టి పోయాను. గోడ వారగా, లైటు సరిగ్గా పడని చోట, ఒక నాపరాయి మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. భాయ్ గొంతు అక్కడికి రానే రాదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా అడుగులు తెలిశాయేమో, కొంచెం జరిగి చోటిచ్చాడు. గుండీలు అలా తప్పుగానే ఉన్నాయి.

ఆట నడుస్తోంది. అవతల జనం లేచారు, అరిచారు, కూర్చున్నారు. మా ఆయన చేతులు మోకాళ్ళ మధ్యనే ఉన్నాయి. మళ్ళీ అరిచారు. ఆయన కదల్లేదు. ఎవరి వైపూ తల తిప్పలేదు, ఎవరితో పాటూ నవ్వలేదు. మనిషి ఇలా ఊరికే కూర్చోవడం నేను ఆ వేసవిలో చూడనే లేదని అప్పుడు గమనించాను. నేను కూడా ఏమీ అడగలేదు. అడిగితే మళ్ళీ ఏ చక్కటి జవాబు చెబుతాడో అని భయం.

అంతలో టీచరు అల్లుడు గోడ వెంట నడుచుకుంటూ వచ్చాడు, పుట్టువెంట్రుకల పిల్ల తండ్రి. "ఈడున్నావా మామా, మైకు కాడ వెతుకుతున్నా. రేపు ఐదింటికే గదా? పాపకు బండి పడదు, నీ బండైతేనే మా అత్త ఒప్పుకునింది" అన్నాడు.

ఆయన బండి నడుపుతానని ఒప్పుకుంటే ఇక్కడే, వీడి ముందే చెప్పేస్తాను అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"బండి ఉంది" అన్నాడు మా ఆయన. "డ్రైవరే లేడు."

ఆ అబ్బాయి నవ్వాడు. "నువ్వే గదా మామా డ్రైవరు!"

"నాకు కండ్లు కనపడట్లే నాయనా. ఏడాది అయింది. పగలు ఎట్లనో ఒకట్ల నడస్తది. పొద్దు గూకినాక ఎదురు లైటు పడితే ఏం లేదు, అంతా పొగ. ఎవురికీ చెప్పలే, దీనికి గూడా చెప్పలే." సీట్లు నిండాయి, ఇంకో బండి చూసుకోండి అన్నట్టే మామూలుగా చెప్పాడు. "నా బండే పంపిస్తా. రాచర్ల డ్రైవరు ఒకడున్నాడు, నెమ్మదస్తుడు. పొద్దున్నే వస్తాడు, నేను మాట్లాడుతా."

ఆ అబ్బాయి నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను. "సరే మామా, ఆరోగ్యం చూసుకో" అని వెళ్ళిపోయాడు. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు. పది నిమిషాల్లో ఆ మాట మైకు స్తంభం దాకా పోతుంది, తెల్లారేసరికి ఊరు దాటుతుంది. ముప్పై ఏళ్ళు కట్టుకున్న పేరును మా ఆయన తన నోటితోనే ఊడదీసుకున్నాడు. నాతో అనలేకపోయిన మాటను పరాయివాడితో అన్నాడు, నేను వినేట్టు అన్నాడు. ఆయన్ని ఆ వేసవంతా అనుమానించినందుకు నాకు బాధ లేదు, అది నిజమే కదా. ఆయన ఆ ఏడాదంతా ఒక్కడే చీకట్లో దిగొచ్చాడన్నదే నా బాధ.

గ్రౌండులో పెద్ద కేక లేచింది. ఈసారి మామూలు కేక కాదు, జనం కుర్చీల మీద కూడా నిలబడ్డారు, ఎవరో ఈల వేశారు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "ఏమైంది?" అన్నాడు. "నాకు కనపడలే. చెప్పు."

నేనూ ఏమీ చూడలేదు. "ఉండు, చూసి చెప్తా" అని కొంగుతో కళ్ళు తుడుచుకుని గ్రౌండు వైపు తిరిగాను.